రెజ్లింగ్‌కి టీవీనా, స్ట్రీమింగా? కంపెనీకి ఏది లాభం, మనకి ఏది గిట్టుబాటు

2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షోలు మొత్తం నెట్‌ఫ్లిక్స్‌కి మారిపోయింది. మార్చి 31 దాకా కేబుల్ ప్యాక్‌లో సోనీ స్పోర్ట్స్ ఉంటే చాలు, రిమోట్ నొక్కగానే వచ్చేది. ఇప్పుడు దానికోసం నెలనెలా విడిగా కట్టాలి. అప్పట్నుంచి రెజ్లింగ్ చూసేవాళ్ల మధ్య రెండు ప్రశ్నలు తిరుగుతున్నాయి. టీవీని వదిలేసి కంపెనీ మంచి పనే చేసిందా? దీనికోసం నేను డబ్బులు కట్టాలా?

రెండూ ముడిపడిన ప్రశ్నలే. మనం కట్టకపోతే ప్లాట్‌ఫామ్‌కి గిట్టదు. దానికి గిట్టకపోతే తర్వాతి ఒప్పందంలో కంపెనీకి వచ్చేది తగ్గుతుంది. అందుకే ముందు కంపెనీ ఎదుట ఉన్న దారులు పోల్చి, తర్వాత మన జేబు లెక్కకి వస్తాను. నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తా: నెలకోసారి వచ్చే పెద్ద షోలకి స్ట్రీమింగ్ బాగా సరిపోతుంది. వారం వారం వచ్చే షోని మాత్రం పూర్తిగా డబ్బు కట్టినవాళ్లకే పరిమితం చేయడం నాకు సబబుగా అనిపించదు. మన దేశంలో అయితే మరీను.

## ముందు ఏమేం చూడాలి

క్రికెట్ హక్కుల లెక్క రెజ్లింగ్‌కి పనికిరాదు. ఐపీఎల్ రెండు నెలల పండగ. మ్యాచ్ ఉందని ఊరంతా తెలుసు, ఏ యాప్‌లో వస్తే ఆ యాప్‌లోకి జనం వెతుక్కుంటూ వెళ్తారు. రెజ్లింగ్‌కి సీజన్ లేదు, సెలవు లేదు, ఏడాదికి 52 వారాలూ షో ఉంటుంది. పైగా ఇక్కడ ఎవరు గెలిచారన్నది సగమే. ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారు, ఎవరు ఏ పగ పెట్టుకుని తిరుగుతున్నారు అన్నదే అసలు సరుకు. మూడు వారాలు మానేస్తే కథ చేజారిపోతుంది, నాలుగో వారం చూడాలన్న ఆసక్తి కూడా పోతుంది.

కాబట్టి ఏ ఒప్పందాన్నైనా తూచేటప్పుడు నేను చూసేవి ఇవి. గ్యారంటీగా వచ్చే డబ్బు ఎంత, ఎన్నేళ్లకి? వారం వారం అదే రోజు, అదే వేళకి చూసే అలవాటు నిలుస్తుందా? పాత షోల లైబ్రరీ ఎవరి చేతిలో ఉంటుంది? ప్రేక్షకుడికి ఎంత పడుతుంది? వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది: రెజ్లింగ్ అంటే ఏంటో తెలియని వాడు అనుకోకుండా చూసే అవకాశం ఎంత?

ఆ చివరిదాన్నే ఒప్పందాల వార్తల్లో ఎవరూ పట్టించుకోరు. మనలో ఎంతమంది రెజ్లింగ్‌ని వెతుక్కుంటూ వెళ్లి మొదలుపెట్టాం? ఛానెళ్లు తిప్పుతుంటే రెజ్లర్ కేన్ ముసుగు కనబడింది, లేదా అన్నయ్య చూస్తుంటే పక్కన కూర్చున్నాం. కొత్తవాడు రెజ్లింగ్‌లోకి వచ్చే దారి ఎక్కువగా అదే.

## మొదటి దారి: టీవీ ఛానెల్

డబ్ల్యూడబ్ల్యూఈ వారపు షో ‘మండే నైట్ రా’ 1993 జనవరి 11న అమెరికాలో యూఎస్ఏ నెట్‌వర్క్‌లో మొదలైంది. 1995 సెప్టెంబరులో ప్రత్యర్థి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ టీఎన్‌టీ ఛానెల్‌లో ‘నైట్రో’ షోని అదే సోమవారం రాత్రికి దించింది. రెండు ఛానెళ్ల మధ్య రిమోట్ తిప్పుతూ చూసే జనం వల్లే 90ల చివర్లో రెజ్లింగ్ అంత ఊపందుకుంది. నచ్చకపోతే పక్క ఛానెల్ ఒక్క నొక్కు దూరం, ఆ భయంతోనే రెండు కంపెనీలూ ప్రతి పదిహేను నిమిషాలకీ ఏదో ఒకటి పేల్చేవి.

టీవీ మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా ఆ డబ్ల్యూసీడబ్ల్యూనే చూపించింది. 2001లో దాన్ని ఒకప్పుడు నడిపిన ఎరిక్ బిషాఫ్ బృందం కొనడానికి సిద్ధమైంది. ఇంతలో టర్నర్ ఛానెళ్ల కొత్త పెద్ద జేమీ కెల్నర్ రెజ్లింగ్‌ని టీబీఎస్, టీఎన్‌టీ రెండింటి నుంచీ తీసేశారు. స్లాట్ పోయాక కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. చివరికి ప్రత్యర్థి, డబ్ల్యూడబ్ల్యూఈ అధినేత విన్స్ మెక్‌మాన్‌కే కంపెనీ కారుచౌకగా దక్కింది. బెల్టులు, టేపులు, పేరు అన్నీ ఉన్నా, టీవీలో చోటు లేని రెజ్లింగ్ కంపెనీకి విలువ లేదని తేలిపోయింది.

డబ్బు మాత్రం టీవీ బాగానే ఇచ్చింది. 2019 అక్టోబరు నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ ఇంకో వారపు షో ‘స్మాక్‌డౌన్’కి ఫాక్స్ ఛానెల్ ఏడాదికి సుమారు 20.5 కోట్ల డాలర్లు, ‘రా’కి యూఎస్ఏ సుమారు 26.5 కోట్ల డాలర్లు కట్టాయి. ఐదేళ్లు గడిచాక ఫాక్స్ మళ్లీ తీసుకోలేదు. ‘స్మాక్‌డౌన్’ 2024 సెప్టెంబరు 13న యూఎస్ఏకి తిరిగొచ్చింది, ఐదేళ్లకి సుమారు 140 కోట్ల డాలర్ల ఒప్పందంతో. ఫాక్స్‌లో వారానికి 20 లక్షలు దాటే ప్రేక్షకులుండేవారు. ఆ ఛానెల్ అమెరికాలో యాంటెన్నా పెట్టుకుంటే ఉచితంగా వస్తుంది. కేబుల్‌కి మారాక ఆ సంఖ్య తగ్గింది. ఎంత ఎక్కువ ఇళ్లకి చేరితే అంతమంది చూస్తారు, ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. చిక్కేమిటంటే అమెరికాలో కేబుల్ కనెక్షన్లు ఏటా తగ్గిపోతున్నాయి. ఇవాళ టీవీనే నమ్ముకున్న కంపెనీకి పదేళ్ల తర్వాత అమ్ముకోవడానికి ఛానెల్ మిగులుతుందా అన్నది నిజమైన భయమే.

మన దగ్గర ఆ పరిస్థితి ఇంకా రాలేదు. 2020లో టీవీ రేటింగులు లెక్కించే బార్క్ వేసిన అంచనా ప్రకారం దేశంలో 21 కోట్ల టీవీ ఇళ్లున్నాయి. డిజిటల్ చందాలు ఎన్ని పెరిగినా సాయంత్రం హాల్లో టీవీ ఆన్ చేసే ఇల్లు ఇంకా మామూలు ఇల్లే. టెన్ స్పోర్ట్స్ కాలం నుంచీ మనవాళ్లు చూసింది లైవ్ కన్నా సాయంత్రం రిపీటే. అమెరికాలో సోమవారం రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే ‘రా’ మనకి మంగళవారం పొద్దున వస్తుంది, వాళ్ల వేసవి టైమ్‌లో 5:30కి, చలికాలంలో 6:30కి. ఆ వేళకి ఇంట్లో ఒక పక్క లంచ్ బాక్సులు సర్దుతుంటారు, ఇంకో పక్క స్కూలు బస్సు హారన్ కొడుతుంటుంది. ఎవరు చూస్తారు? సాయంత్రం రిపీట్ వేస్తేనే జనం చూసేవాళ్లు.

## రెండో దారి: సొంత యాప్

2014 ఫిబ్రవరి 24న డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్ అనే సొంత యాప్ మొదలైంది. నెలకి 9.99 డాలర్లు. అంతకుముందు ఏడాదిలోకెల్లా పెద్ద షో రెజిల్‌మేనియా ఒక్కటి పే-పర్-వ్యూలో, అంటే ఆ ఒక్క షోకే విడిగా డబ్బు కట్టి, చూడాలంటేనే 60 డాలర్ల దాకా పెట్టాల్సి వచ్చేది. అభిమానికి ఇంతకంటే మంచి బేరం రెజ్లింగ్ చరిత్రలో ఇంకోటి దొరకలేదు. నెలకో పెద్ద షో, దాంతోపాటు దశాబ్దాల నాటి టేపులన్నీ ఒకేచోట.

కంపెనీ వైపు నుంచి చూస్తే కథ వేరు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించిన లెక్క 6,67,287 మంది. పది లక్షలు దాటడానికి 2015 జనవరి దాకా పట్టింది. పే-పర్-వ్యూ అమ్మి బతికే డిష్ లాంటి శాటిలైట్ కంపెనీలకి కోపం వచ్చింది, డిష్ ఆ షోలు అమ్మడమే ఆపేసింది. 2014 మే నెలలో యూఎస్ఏ నెట్‌వర్క్‌తో కుదిరిన టీవీ ఒప్పందం అనుకున్నంత పెద్దది కాదని తెలిసి, షేరు ఒక్కరోజులో 40 శాతానికి పైగా పడిపోయింది. ఆ తర్వాత ఎన్ని రెజిల్‌మేనియాలు వచ్చినా డబ్బు కట్టే సబ్‌స్క్రైబర్లు 20 లక్షల గీత దాటలేదు. రెజ్లింగ్‌ని ప్రాణంగా చూసేవాళ్లు అంతమందే. మిగతావాళ్లు టీవీలో వస్తే చూస్తారు, విడిగా యాప్ వేసుకోమంటే వేసుకోరు.

జపాన్‌లో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ 2014 డిసెంబరులో నెలకి 999 యెన్‌లతో సొంత యాప్ పెట్టింది. వాళ్లకి అది పనికొచ్చింది. దేశం బయటి అభిమానులకి అంతకుముందు సరైన దారే లేదు కాబట్టి, ఆ యాప్ కొత్త మార్కెట్ తెరిచింది. నిఖార్సైన అభిమానులు కొద్దిమందే అయినా, టీవీ వాళ్లు పట్టించుకోని కంపెనీకి ఈ దారి బతుకుదెరువు. ఇప్పటికే కోట్లు వస్తున్న కంపెనీకి మాత్రం ఉన్నది పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ.

## మూడో దారి: పెద్ద ప్లాట్‌ఫామ్‌కి ఇచ్చేయడం

సొంత యాప్ మోసిన బరువు చాలనుకున్న డబ్ల్యూడబ్ల్యూఈ, అమెరికాలో దాన్ని 2021 మార్చిలో పీకాక్ అనే స్ట్రీమింగ్ యాప్ చేతిలో పెట్టింది. ఐదేళ్లకి సుమారు 100 కోట్ల డాలర్లని అప్పటి వార్తలు. సర్వర్ల గోల, కస్టమర్ల గోల, సబ్‌స్క్రైబర్లు తగ్గారన్న టెన్షన్ అన్నీ వాళ్లవే. ఆ తర్వాత 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం: పదేళ్లకి 500 కోట్ల డాలర్లకి పైగా. అందులో అమెరికాలో ‘రా’, చాలా ఇతర దేశాల్లో దాదాపు అన్ని షోలూ. ఐదేళ్ల తర్వాత బయటికి వెళ్లే వీలు నెట్‌ఫ్లిక్స్‌కి ఉంది. 2025 జనవరి 6న లాస్ ఏంజిల్స్ పక్కన ఇంగిల్‌వుడ్‌లోని ఇంట్యూట్ డోమ్ నుంచి మొదటి షో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని పెద్ద షోలని ఈఎస్‌పీఎన్ తీసుకుంది, ఐదేళ్లకి సుమారు 160 కోట్ల డాలర్లకి. సెప్టెంబరు 20న ఇండియానాపోలిస్‌లో జరిగిన రెజిల్‌పలూజా అనే షోతో అది అమల్లోకొచ్చింది.

ఇవి, ‘స్మాక్‌డౌన్’ టీవీ డబ్బు కలిపితే సగటున ఏడాదికి 100 కోట్ల డాలర్లు దాటుతుంది. టికెట్ ఒక్కటి కూడా అమ్మకముందే వచ్చే డబ్బు ఇది. ఈ లెక్క చూశాక స్ట్రీమింగ్ ఒప్పందం కంపెనీకి అర్థవంతమేనా అని అడగడం అనవసరం. అర్థవంతమే.

ప్లాట్‌ఫామ్‌కి కూడా ఇందులో లాభం ఉంది. స్ట్రీమింగ్ కంపెనీల తలనొప్పి ఒక్కటే: సిరీస్ అయిపోగానే జనం క్యాన్సిల్ చేసేసి పోతారు. 52 వారాలూ ఆగకుండా వచ్చే షో ఉంటే ఆ బటన్ నొక్కడానికి చెయ్యి రాదు. నిజమైన ఫైట్లు పెట్టే యూఎఫ్‌సీని పారామౌంట్ 2026 నుంచి ఏడేళ్లకి 770 కోట్ల డాలర్లతో తీసుకుని, పే-పర్-వ్యూ ఎత్తేసి సాధారణ చందాలోనే పెట్టడం వెనకా ఉన్నది ఈ ఆలోచనే.

ఇక ఎంతమంది చూస్తున్నారంటే, అక్కడే అయోమయం. మొదటి రాత్రి ‘రా’కి 49 లక్షల వ్యూలు అని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. తర్వాతి నెలల్లో అది వారానికి 30 లక్షల చుట్టూ తిరిగింది. యూఎస్ఏ నెట్‌వర్క్‌లో 2024లో వచ్చింది 16 లక్షల చిల్లర. అయితే రెట్టింపు అయిందా? కాదు. నెట్‌ఫ్లిక్స్ వ్యూ అంటే చూసిన మొత్తం గంటల్ని షో నిడివితో భాగిస్తే వచ్చేది, అదీ ఎన్నో దేశాలు కలిపి. పాత లెక్క టీవీ ప్రేక్షకుల్ని కొలిచే నీల్సన్ సంస్థది, అమెరికా ఒక్కదానిదే, షో నడిచే ప్రతి నిమిషానికీ సగటున ఎంతమంది ఉన్నారని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రెట్టింపైందనో, సగమైందనో తేల్చేసేవాళ్ల మాట పట్టించుకోకండి.

నాకు బెంగ కలిగించే సంగతులు రెండు. మొదటిది లైబ్రరీ. పీకాక్‌కి మారినప్పుడు పాత షోల్లో వివాదాస్పద భాగాలు కత్తిరించారు. రెజిల్‌మేనియా 6లో తెల్లజాతి రెజ్లర్ రాడీ పైపర్ ఒళ్లు సగం నల్లరంగు పూసుకొచ్చిన ఘట్టం అందులో ఒకటి. అది చెడ్డదే, కానీ జరిగింది. సొంత యాప్ అంటే సొంతిల్లు, ఇక్కడున్నది అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. రెండోది డబ్బు ముందే గ్యారంటీ కావడం. వారం రేటింగ్ పడిపోయినా వచ్చే చెక్కు మారదు. 90ల్లో పక్క ఛానెల్ భయంతో రాసిన షోకీ, చెక్కు ఖాయమైపోయాక రాసిన షోకీ తేడా వస్తుందని నా అనుమానం. కొన్ని వారాలు ‘రా’ చూస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది కూడా.

లైవ్ నాణ్యత గురించి ఒక్క మాట. 2024 నవంబరులో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోరుకి నెట్‌ఫ్లిక్స్‌లో బఫరింగ్‌తో జనం విసిగిపోయారు. అప్పుడు ఒకేసారి చూసినవాళ్లు ఆరు కోట్ల పైమాటే. ‘రా’కి అంత రద్దీ రాదు, ఆ భయం అక్కర్లేదు.

## నాలుగో దారి: టీవీలోనూ, యాప్‌లోనూ

2019లో పుట్టిన అమెరికా రెజ్లింగ్ కంపెనీ ఏఈడబ్ల్యూ ఎంచుకున్నది ఇది. దాని వారపు షో ‘డైనమైట్’ 2019 అక్టోబరు 2న టీఎన్‌టీలో మొదలై 2022లో టీబీఎస్‌కి మారింది. 2024 అక్టోబరులో ఆ ఛానెళ్ల యజమాని వార్నర్ బ్రదర్స్ డిస్కవరీతో కొత్త ఒప్పందం కుదిరింది, ఏడాదికి సుమారు 18.5 కోట్ల డాలర్లని వార్తలు. 2025 జనవరి నుంచి అదే షో ఒకేసారి టీవీలోనూ మ్యాక్స్ (ఇప్పుడు హెచ్‌బీఓ మ్యాక్స్) యాప్‌లోనూ వస్తోంది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి పే-పర్-వ్యూలు కూడా అదే యాప్‌లో తక్కువ ధరకి, 39.99 డాలర్లకి అమ్మారు.

నా లెక్కలో వారపు షోకి సరైన పద్ధతి ఇదే. కేబుల్ ఉన్న పెద్దాయన టీవీలో చూస్తాడు, కేబుల్ లేని కుర్రాడు ఫోన్‌లో చూస్తాడు, ఎవరూ తప్పిపోరు. తలకాయనొప్పి ఒకటుంది: టీవీ, యాప్ రెండూ ఒకే యజమానివై ఉండాలి. విడివిడి యజమానులుంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ యజమాని చేతులు మారితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. డబ్ల్యూసీడబ్ల్యూ పోయింది కూడా ఇదే టర్నర్ ఛానెళ్లలో అని గుర్తుంచుకుంటే చాలు.

## ఐదో దారి: యూట్యూబ్

ఇది చిన్న కంపెనీల సంగతి. అమెరికాలోని చిన్న రెజ్లింగ్ కంపెనీ ఎన్‌డబ్ల్యూఏ 2019 అక్టోబరులో ‘పవర్’ అనే షోని పాతకాలపు స్టూడియో పద్ధతిలో యూట్యూబ్‌లో ఉచితంగా మొదలుపెట్టింది, మంచి పేరొచ్చింది. 2021లో దాన్ని డబ్బు కట్టి చూసే ఫైట్ యాప్‌కి మార్చారు. దాని గురించి మాట్లాడుకోవడం అక్కడితో పలచబడింది. 2024లో ఉచితంగా దొరికే సీడబ్ల్యూ అనే టీవీ ఛానెల్ యాప్‌కి వచ్చారు. పోయిన జనం అంత తేలిగ్గా తిరిగిరారు.

పెద్దవాళ్లకి యూట్యూబ్ అంటే ఆదాయం కన్నా ప్రచారం. డబ్ల్యూడబ్ల్యూఈ ఛానెల్‌కి పది కోట్ల పైగా సబ్‌స్క్రైబర్లున్నారు, మన దేశం నుంచి చూసేవాళ్లు కొల్లలు. ‘డబ్ల్యూడబ్ల్యూఈ వాల్ట్’ అనే ఇంకో ఛానెల్‌లో పాత మ్యాచులు పూర్తిగా పెడుతున్నారు. టీవీ వదిలేశాక కొత్తవాళ్లని పట్టుకొచ్చే పని ఇప్పుడు వీటి మీదే పడింది. మూడు నిమిషాల క్లిప్పు చూసినవాడు రెండున్నర గంటల షోకి డబ్బు కడతాడా? కొందరు కడతారు. చాలామంది ఆ క్లిప్పుతోనే సరిపెట్టుకుంటారు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | గ్యారంటీ డబ్బు | కొత్త ప్రేక్షకులు | వారపు అలవాటు | లైబ్రరీ మీద పట్టు | ప్రేక్షకుడి ఖర్చు |
|---|---|---|---|---|---|
| టీవీ ఛానెల్ | ఎక్కువ, కానీ అమెరికాలో కేబుల్ తగ్గుతోంది | అన్నిటికంటే ఎక్కువ | బలంగా ఉంటుంది | కంపెనీదే | ఉన్న ప్యాక్‌లోనే |
| సొంత యాప్ | లేదు, నెలనెలా టెన్షన్ | చాలా తక్కువ | అభిమానుల్లోనే | పూర్తిగా కంపెనీదే | తక్కువే, కానీ విడిగా కట్టాలి |
| పెద్ద ప్లాట్‌ఫామ్ | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం | తగ్గే ప్రమాదం | చాలావరకు వాళ్లదే | వేరే వాటికోసం ముందే కడుతుంటే ఏమీ లేదు |
| టీవీ + యాప్ | బాగానే | ఎక్కువ | బలంగా | ఒప్పందాన్ని బట్టి | ఏదో ఒకటి ఉంటే చాలు |
| యూట్యూబ్ | దాదాపు లేదు | ఎక్కువ, కానీ నిలవరు | బలహీనం | కంపెనీదే | డేటా ఖర్చు |

## ఇక మన సంగతి

ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ ముందే ఉంటే ఆలోచించేదేమీ లేదు. ‘రా’, ‘స్మాక్‌డౌన్’, ‘ఎన్ఎక్స్‌టీ’, పెద్ద షోలన్నీ అందులోనే. హిందీ కామెంటరీ కూడా ఉంది. పొద్దున లైవ్ చూడలేకపోతే సాయంత్రం మొదట్నుంచీ పెట్టుకోవచ్చు. టీవీ రిపీట్ కోసం కాచుక్కూర్చునే బాధ పోయింది. ఒక్కటే జాగ్రత్త: మధ్యాహ్నానికల్లా యూట్యూబ్ థంబ్‌నెయిల్, ఇన్‌స్టా రీల్ ఫలితం చెప్పేస్తాయి. సాయంత్రం దాకా ఆగేవాళ్లు ఆ పూట ఫోన్‌కి దూరంగా ఉండాల్సిందే.

రెజ్లింగ్ కోసమే కట్టాలనుకునేవాళ్లు ప్లాన్ ఎంచుకునేటప్పుడు కళ్లు తెరుచుకోండి. మన దేశంలో అన్నిటికంటే చవకైనది 149 రూపాయల మొబైల్ ప్లాన్. దాంతో ఫోన్, ట్యాబ్‌లోనే చూడగలరు, టీవీలో రాదు. చవగ్గా ఉందని అది తీసుకుని, ఆదివారం పొద్దున రెజిల్‌మేనియాకి పిల్లల్ని, తమ్ముడిని పిలిచి కూర్చోబెట్టాక టీవీలో ఎందుకు రావట్లేదని తంటాలు పడేవాళ్లుంటారు. టీవీ కావాలంటే కనీసం 199 రూపాయల బేసిక్, అది ఒకేసారి ఒక్క స్క్రీన్ మీదే నడుస్తుంది. రింగ్ మూలల దాకా స్పష్టంగా కనిపించాలి, ఇద్దరు వేర్వేరుగా చూడాలి అనుకుంటే 499 స్టాండర్డ్. నన్నడిగితే ఒక్క రెజ్లింగ్ కోసం 499 ఎక్కువే, 649 ప్రీమియం అయితే అసలు వద్దు. 2023 జులై నుంచి మన దేశంలో కూడా వేరే ఇంటివాళ్లతో పాస్‌వర్డ్ పంచుకోనివ్వట్లేదు, కాబట్టి స్నేహితులు నలుగురూ వేసుకుని కట్టే పాత ఏర్పాటు మర్చిపోండి. జియో, ఎయిర్‌టెల్‌లలో నెట్‌ఫ్లిక్స్ కలిపిన రీఛార్జులు కొన్ని ఉంటాయి. ఎలాగూ మూడు నెలలకోసారి రీఛార్జ్ చేసేవాళ్లైతే ముందు అవి చూడండి, అయితే అందులో వచ్చేది మొబైల్ ప్లానా, బేసిక్ ప్లానా అన్నది చదివి మరీ తీసుకోండి.

అప్పుడప్పుడు చూసేవాళ్లకి ఏడాదంతా కట్టడం దండగ. రాయల్ రంబుల్, రెజిల్‌మేనియా, సమ్మర్‌స్లామ్, సర్వైవర్ సిరీస్ ఈ నాలుగూ వచ్చే నెలల్లో మాత్రం కట్టి, ఆ నెల్లోనే ముందు వారాల ‘రా’లు చూసేస్తే కథ అందుతుంది. సౌదీ అరేబియాలో జరిగే షోలు మనకి బాగా అనువు. అమెరికా షోల్లాగా తెల్లవారుజామున లేవక్కర్లేదు, మనకి రాత్రి వేళకే వస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌కి ఇలాంటి కస్టమర్ నచ్చడు, అది వాళ్ల సమస్య.

ట్రంప్ కార్డులు ఆడిన తరం వాళ్లైతే, అంటే ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్సు చెప్పుకుంటూ బెంచి కింద కార్డులు లాక్కున్నవాళ్లైతే, మీకు కావాల్సింది ఇప్పటి షో కాదు. అండర్‌టేకర్, బ్రెట్ హార్ట్, రాక్. దానికోసం నెలనెలా కట్టకండి, ముందు వాల్ట్ ఛానెల్‌లో వెతకండి. ఆ తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే, ఇప్పటి రోమన్ రెయిన్స్, కోడీ రోడ్స్ కథలు ఎక్కడ మొదలయ్యాయో చూడాలనిపిస్తే, అప్పుడు ఒక నెల కట్టి చూడండి. 2025 జులైలో వచ్చిన ‘అన్‌రియల్’ అనే సిరీస్ తెర వెనక రైటర్లు కథ ఎలా అల్లుతారో చూపిస్తుంది. రెజ్లింగ్ అంతా ఉత్తుత్తిదే కదా అని వెక్కిరించే బావగారి పక్కన కూర్చుని చూడ్డానికి అది బాగుంటుంది.

నెట్ సరిగా రాని ఊళ్లో ఉన్నవాళ్లకి ఈ మార్పులో నష్టమే జరిగింది, దాన్ని అటూ ఇటూ చేసి చెప్పడం అనవసరం. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో పెడితే జాన్ సీనాని చూడ్డానికి జనం ఎగబడ్డారు. అంతటి అభిమానం పెరిగింది కేబుల్ టీవీలో, సాయంత్రం రిపీట్లతో. పదేళ్ల తర్వాత ఇలాంటి షోకి వచ్చే కుర్రాళ్లు ఎక్కడ తయారవుతారన్నది కంపెనీ ఆలోచించుకోవాలి. వారానికి ఒక గంట హైలైట్స్ అయినా ఏదో ఒక ఛానెల్‌కి ఇచ్చి ఉంటే నెట్‌ఫ్లిక్స్‌కి పోయేదేమీ లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పరిస్థితి ఇంకా చిత్రం. ‘రా’ నెట్‌ఫ్లిక్స్‌లో, ‘స్మాక్‌డౌన్’ యూఎస్ఏ నెట్‌వర్క్‌లో, ‘ఎన్ఎక్స్‌టీ’ 2024 అక్టోబరు నుంచి సీడబ్ల్యూలో, పెద్ద షోలు ఈఎస్‌పీఎన్‌లో. ఇండియాలో తమ్ముడు 199 రూపాయలకి చూసేదంతా అక్కడ అన్నయ్య చూడాలంటే కనీసం మూడు బిల్లులు. 2025లో మొదలైనప్పుడు ఈఎస్‌పీఎన్ యాప్ ఒక్కటే నెలకి 29.99 డాలర్లు. అన్నీ కట్టకండి. ముందు మీ ఇంటి కేబుల్ లేదా లైవ్ టీవీ ప్యాకేజీలో ఈఎస్‌పీఎన్ ఉందేమో చూడండి. చాలా కంపెనీల దగ్గర ఆ లాగిన్‌తోనే కొత్త యాప్ కూడా అదనపు ఖర్చు లేకుండా తెరుచుకుంటుంది, యూఎస్ఏ నెట్‌వర్క్ కూడా సాధారణంగా అదే ప్యాకేజీలో ఉంటుంది. సీడబ్ల్యూ యాంటెన్నాకి వస్తుంది. ప్యాకేజీ లేనివాళ్లు ‘స్మాక్‌డౌన్’ని యూట్యూబ్ హైలైట్స్‌కి వదిలేసి, ‘రా’కి నెట్‌ఫ్లిక్స్ ఉంచుకుని, ఈఎస్‌పీఎన్‌ని రెజిల్‌మేనియా ఉన్న ఏప్రిల్‌లో ఒక నెల తీసుకుని, మే రాకముందే క్యాన్సిల్ చేసేయండి.